నాలుగో కుర్చీ

మేడ మీది గది
చలికాలం మొదట్లో

అక్కా,

చేరాను. గది బాగానే ఉంది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, మూస్తే నా గోడ. ఫోన్ చెయ్యమన్నావు గానీ, ఫోన్లో మనిద్దరం రెండో మాటకే పోట్లాటకి దిగుతాం. ఉత్తరాల్లో అయితే ఒకరికొకరం కాస్త మంచివాళ్ళలా కనపడతాం. అందుకని రాస్తాను. నువ్వు మాత్రం పనిచోటు అడ్రసుకే రాయి. ఇక్కడ మెట్ల కింద పోస్టు డబ్బాకి మూత లేదు. మన ఉత్తరాలు ఎవరి చేతిలో పడతాయో చెప్పలేం.

స్కూల్లో పిల్లలకి బొమ్మలు నేర్పిన చెయ్యి ఇప్పుడు కళ్ళు గీస్తోంది. కన్ను పోయినవాళ్ళకి పెట్టుడు కళ్ళు చేస్తాం ఇక్కడ. మనిషిని కిటికీ వెలుగులో కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని, ఉన్న కంటిని చూస్తూ లేనిదాన్ని గీయాలి. కంటిపాప చుట్టూ మచ్చలుంటే గడియారం ముఖంలా చెప్పుకుంటాం, మూడు గంటల దగ్గర చుక్క, తొమ్మిది గంటల దగ్గర చార అని. అది కూడా ఎదురుగా కూర్చున్న మనకి కనపడినట్టు. మాకు పని నేర్పే పెద్దాయన పెట్టిన షరతు ఒక్కటే: "మనిషి ఎదురుగా లేకుండా కన్ను గీయకు తల్లీ." ఎందుకని అడిగితే నవ్వి పక్కబల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

నిన్నమొన్నటిదాకా మధ్యాహ్నం డబ్బా వాష్‌బేసిన్ పక్కన నిలబడి ఒక్కదాన్నే తినేదాన్ని. ఇప్పుడు సాయంత్రం బస్టాపు దాకా తోడు దొరికింది. తెల్లగుడ్డు మీద రక్తనాళాల్లా ఎర్రపట్టు పోగులు అతికించే ఆవిడ ఒకరు, అందరూ దారాలావిడ అంటారు. పాలిష్ పట్టే ఆయన ఇంకొకరు. ఆయన మా మేనేజరు దగ్గుని ఎంత బాగా దగ్గుతాడనుకున్నావ్! చాన్నాళ్ళకి పొట్ట పట్టుకుని నవ్వాను.

నీ చిట్టి

*

కాలేజీ క్వార్టర్స్
ఆదివారం మధ్యాహ్నం

చిట్టీ,

నువ్వు నవ్వావంటే నాకు సగం బెంగ తీరింది. మిగతా సగం ఆ నవ్వు ఎవరి మీదన్నది.

నాన్న పొద్దున్నే బైబిలు వాక్యం చదివాక మన టేబుల్ చుట్టూ తిరిగేవారు, గుర్తుందా? "చెడు తలపెట్టేవాళ్ళ మధ్యకి ఎవరూ వెళ్ళి తిన్నగా కూర్చోరమ్మా" అంటూ ముందు నడిచేవారు. "మొదట ఊరికే పక్కన నడుస్తారు." నీ వెనక ఆగేవారు. "తర్వాత ఒక్క నిమిషం నిలబడతారు." అప్పుడు కుర్చీ లాగి దబ్బున కూర్చునేవారు. "ఆఖరికి ఇదీ సంగతి. ఇంక లేవమంటే కాళ్ళు రావు." నువ్వు పకపకా నవ్వేదానివి. నాకేమో ఆ కుర్చీ చప్పుడంటే భయం.

నాన్న నమ్మకం నాకు మిగల్లేదని నీకు తెలుసు. పిల్లలకి తర్కం పాఠం చెప్పీ చెప్పీ, దేవుణ్ణి కూడా రుజువు అడిగే దురలవాటు పట్టుకుంది. కానీ ఆ నడవడం, నిలబడటం, కూర్చోవడం మాత్రం బుర్రలోంచి పోలేదు. బస్టాపు దాకా నడువు, ఫరవాలేదు. అక్కడ ఆగిపో.

ఇక్కడ మా డిపార్ట్‌మెంటు హెడ్డు గారు నేను ఏళ్ళ తరబడి చెప్తున్న పేపరు తీసి నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడికి ఇచ్చారు. "మీకు విశ్రాంతి కావాలి కదండీ" అన్నారు. ఆవిడ జాలిపడుతుంటే, దుకాణంలో చీర కొననివాళ్ళని సాగనంపుతున్నట్టుంటుంది.

నీ అక్క

*

పనిచోటు, కిటికీ పక్క బల్ల
భోజనాల తర్వాత

అక్కా,

చీర కొననివాళ్ళని సాగనంపడం! ఆ ముక్క బల్ల దగ్గర చదివి వినిపించాను. పాలిష్ ఆయనకి పొలమారింది. దారాలావిడ కళ్ళు తుడుచుకుని, "మీ అక్కకి కన్నుంది తల్లీ" అంది. ఇక్కడ అంతకంటే పెద్ద మెప్పు లేదు.

అవును, బల్ల దగ్గరే తింటున్నాను. కోప్పడకు. నిలబడి తింటుంటే ఆవిడే కుర్చీ లాగింది. వద్దంటే బాగుండేది కాదు.

వాళ్ళకి ఒక ఆట ఉంది. నీకు చెప్పాలా వద్దా అని నాలుగు రోజులు తన్నుకున్నాను. తిండయ్యాక, "ఈరోజు ఎవర్ని పిలుద్దాం?" అంటుంది దారాలావిడ. పనికిరాదని పక్కన పడేసిన కన్నొకటి తీసి, అక్కడ లేని మనిషి కన్ను గుర్తున్నంత వరకు దాని మీద గీస్తారు. సాసర్లో పెట్టి, బల్ల మధ్యలో ఉంచి, ఆ మనిషి గురించి మాట్లాడుకుంటారు. ఇదేంటండీ అంటే పాలిష్ ఆయన, "మేం ఎవరి వెనకా మాట్లాడం. ఎదురుగా కూర్చోబెట్టుకునే మాట్లాడతాం" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది.

మొన్న రిసెప్షన్ అమ్మాయిని పిలిచారు. "దానికి కళ్ళు నెత్తికెక్కాయి. ఒకటైనా దింపుదాం" అంది దారాలావిడ. గీసింది నేనే. నా గీత బాగుంటుందని నన్ను అడిగారు. పెద్దాయన మాట గుర్తొచ్చింది. కానీ ఇది ఎవరికీ పెట్టే కన్ను కాదు కదా అనుకున్నాను.

నీ చిట్టి

*

కాలేజీ క్వార్టర్స్
బుధవారం

చిట్టీ,

లేచెయ్. మర్యాదకి కూర్చున్నానంటున్నావు, అదే మర్యాదకి లేవొచ్చు. కడుపులో బాలేదను, పళ్ళు నొప్పను, అక్క రాక్షసి అను, ఏదైనా సరే.

కన్ను గీసినందుకు ఎవరికీ ఏమీ కాదు, అంత బుర్ర నాకుంది. నా భయం కన్ను గురించి కాదు, చుట్టూ కూర్చున్నవాళ్ళ గురించి. మనిషి లేనప్పుడు మాట్లాడుకోవడానికి ఒక సాసరు కూడా పెట్టుకున్నారంటే, వాళ్ళకది కాలక్షేపం కాదు, పని. నీ చేత గీయించుకున్నారంటే, నిన్ను పనిలో పెట్టుకున్నారన్నమాట.

నా ఉత్తరాలు అక్కడ చదవకు.

అన్నట్టు, నవ్వింది చీరల మాటకేనా, ఇంకెక్కడైనా కూడా నవ్వారా?

నీ అక్క

*

మేడ మీది గది
ఆదివారం

అక్కా,

ఆ అమ్మాయి మానేసింది.

ఎలా జరిగిందో చెప్తాను, నీ తర్కానికి నువ్వు చెప్పుకో. బల్ల దగ్గర మేమన్న మాటలు మర్నాటికల్లా బిల్డింగంతా ఉన్నాయి. నేను ఎవరికీ చెప్పలేదు. వాళ్ళూ చెప్పలేదంటారు. అందరూ ఆ పిల్లకి మొహం చాటేయడం మొదలుపెట్టారు. రెండో రోజుకి అది కుడికన్ను అరచేత్తో మూసుకుని మాట్లాడటం మొదలుపెట్టింది. నలుసు పడిందా అంటే, "కాదండీ, ఎవరో దీంట్లోకే చూస్తున్నట్టుంది" అంది.

నేను గీసింది కుడికన్ను.

ఇంకొకటి. సాసర్లో కన్ను మీద దారాలావిడ రెండు మూడు పోగులే అతికించింది, నా కళ్ళతో నేను చూశాను. ఆ అమ్మాయి మానేసిన రోజు, ఆవిడ ఆ కన్ను దాచిన డబ్బా మూత తీస్తే తెల్లగుడ్డంతా ఎర్రగా అల్లుకుపోయి ఉంది. "మీరు మళ్ళీ వేశారా?" అన్నాను. ఆవిడ చూసి, "నేనా? లేదే. ఏడ్చిందేమో పాపం" అని డబ్బా మూత పెట్టుకుంది.

లేద్దామనే అనుకున్నాను అక్కా. కానీ లేచినవాళ్ళనే కదా పిలుస్తారు.

నీ ఉత్తరం కూడా చదవనన్నాను. కవరు మీద నీ దస్తూరీ చూడగానే ఆవిడే చింపి చదివింది. "ఇంకెక్కడైనా నవ్వారా" దగ్గర మళ్ళీ నవ్వారు. ఇప్పుడు బల్ల దగ్గర నాలుగో కుర్చీ వేశారు. ఎవరికండీ అంటే, "మీ అక్కకి" అన్నారు. నీ ఉత్తరాలు ఆ కుర్చీలో పెడుతున్నారు.

నీ చిట్టి

*

కాలేజీ క్వార్టర్స్
సెలవు రోజు

చిట్టీ,

బాగా ఆలోచించాను. ముందుగా, కంగారు పడకు. ఒక మనిషిని పదిమందీ తప్పించుకు తిరుగుతుంటే ఆ మనిషికి ఎవరో చూస్తున్నట్టే ఉంటుంది, అందులో వింత లేదు. పోగులు ఆవిడే వేసింది, అబద్ధమాడింది. అంతే.

నువ్వు లేస్తే నీ మీద పడతారు, నిజమే. కాబట్టి వాళ్ళ నోటికి ఇంకేదైనా అందించాలి, నీ చుట్టుపక్కల లేనిది. ఎవరో దూరపు మనిషి. అక్కడ అనుకున్న మాట ఆ మనిషి చెవిన పడదు, ఎవరికీ నష్టం లేదు. వాళ్ళు దాంతో ఆడుకుంటుండగా నువ్వు మెల్లగా జారుకో.

మా హెడ్డు గారిని ఇవ్వు.

లేత గోధుమరంగు కళ్ళు. ఎడమకన్ను రెప్ప కొంచెం వాలి ఉంటుంది, మెచ్చుకునేటప్పుడు ఇంకా వాలుతుంది, దుకాణం కట్టేసేటప్పుడు షట్టరు దింపినట్టు. కంటిపాప కింద పసుపు చుక్క. మాట్లాడేటప్పుడు మన కళ్ళలోకి చూడరు, మన భుజం మీదుగా మనకంటే ముఖ్యమైనవాళ్ళెవరైనా వస్తున్నారేమో అని చూస్తారు. ఆవిడ భర్త కూడా పెళ్ళిఫొటోలో పక్కకి తొంగి చూస్తున్నాడు, భార్య ఎవర్ని చూస్తోందోనని.

ఇది ఒక్కసారికే. నిన్ను బయటికి లాగడానికే రాస్తున్నాను, అది గుర్తుంచుకో. ఇది చదివి వినిపించొచ్చు.

నీ అక్క

*

పనిచోటు

అక్కా,

చేశారు. ఈసారి నేను గీయలేదు, చెయ్యి నొప్పన్నాను. పాలిష్ ఆయనే నీ ఉత్తరం ఎదురుగా పెట్టుకుని గీశాడు. షట్టరు దగ్గర ఎంతసేపు నవ్వారో! దారాలావిడ నాలుగో కుర్చీ వీపు నిమిరి, "మన నలుగురిలో నువ్వే ఘటికురాలివి" అంది. కుర్చీతో అంది అక్కా, నాతో కాదు.

తర్వాత నావైపు తిరిగి, "మీ అక్క కళ్ళెలా ఉంటాయి?" అని అడిగింది. గుర్తులేదన్నాను. పక్కన పడుకుని పెరిగిన అక్క కళ్ళు గుర్తులేవా అంది. లేవన్నాను. నమ్మలేదు.

నువ్వేం రాయకు. దయచేసి కొన్నాళ్ళు అసలేమీ రాయకు.

నీ చిట్టి

*

కాలేజీ క్వార్టర్స్
శనివారం సాయంత్రం

చిట్టీ,

గుర్తులేవంటావా పిచ్చిమొహమా! చిన్నప్పుడు నా కంట్లో మచ్చ చూసి కాఫీ చుక్క పడిందని తుడవబోయింది ఎవరు? ఎవరైనా నా కళ్ళ గురించి అడిగి ఎన్నేళ్ళయిందో. పాఠం చెప్తుంటే కిటికీలోంచి బయటికి చూసే పిల్లల మధ్య బతుకుతున్నదాన్ని.

మీ దారాలావిడకి చెప్పు. ఇప్పుడే లేచి అద్దంలో చూసుకుని వచ్చాను. ముదురు గోధుమరంగు, అంచుకి నల్లగీత. కుడికంట్లో మూడు గంటల దగ్గర కాఫీ చుక్క. మీ భాషలోనే చెప్పాను చూడు, గురువుని మించిన శిష్యురాలిని. ఇలాంటి కన్ను గీయాలంటే మీ పాలిష్ ఆయన వల్ల కాదని కూడా చెప్పు.

నీ అక్క

*

కాలేజీ, స్టాఫ్ రూము
సోమవారం

చిట్టీ,

శనివారం పోస్టు చేసిన ఉత్తరం వస్తే చింపెయ్. ఎవరికీ చూపించకు.

హెడ్డు గారు ఇవాళ నల్లకళ్ళద్దాలతో వచ్చారు. ఎడమకంట్లో నరం చిట్లిందట. అద్దాలు తీస్తే తెల్లగుడ్డన్నది కనపడటం లేదు, అంతా ఎరుపే. బీపీ ఉన్నవాళ్ళకి మామూలేనని డాక్టరు అన్నాడట. మామూలే అయ్యుండొచ్చు. ఏదో ఒక ఎడమకంటికి ఏదో ఒక రోజు ఏదో ఒకటి అవుతూనే ఉంటుంది, పక్కపక్కన జరిగిన రెండింటిలో ఒకటి రెండోదానికి కారణం అనుకోవద్దని నేనే కదా మొదటి రోజు పాఠం చెప్తాను.

కారిడార్లో ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "అందరూ నన్ను చూసి పక్కకి తప్పుకుంటున్నారండీ. ఎవరో నా కంట్లోకే చూస్తున్నట్టుంది. మీరొక్కరే నాతో ఎప్పటిలా ఉన్నారు" అన్నారు. మొదటిసారి నా భుజం మీదుగా కాకుండా నన్నే చూశారు, ఆ బాగున్న ఒక్క కంటితో.

ఆవిడ చెవిన పడదన్నాను. చెవినైతే పడలేదు.

చిట్టీ, అక్కడ ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరో ఇప్పుడర్థమైంది. నాన్న చెప్పింది నీకు రాశాను, నీకే రాశాను. నేను నడవలేదు, నిలబడలేదు, తిన్నగా వచ్చి కూర్చున్నాను. ఉన్న చోటు నుంచి కదలకుండానే.

లేచెయ్. ఈ పూటే లేచెయ్.

నీ అక్క

*

పెద్దాయన ఇల్లు, ముందు గది
వర్షం

అక్కా,

లేచాను.

నిన్న తిండయ్యాక దారాలావిడ, "ఈరోజు పెద్దాయన్ని పిలుద్దాం. ముసలాడికి చెయ్యి వణుకుతోంది, చూపు కూడా పోతే మనకి హాయి" అంది. కుంచె నా చేతిలో పెట్టింది. ఆయన పక్కగదిలో ఒక పాపకి కన్ను అమరుస్తున్నారు, ఆయన గొంతు వినపడుతూనే ఉంది. "ఇటు చూడు బంగారం, ఇటు" అంటున్నారు.

లేవడం ఎంత కష్టమో నాన్న అబద్ధం చెప్పలేదు. కాళ్ళు నిజంగా రాలేదు. ముందు కుంచె కింద పెట్టాను. అప్పుడు బల్ల అంచు పట్టుకుని లేచాను. ఎవరూ ఆపలేదు. పాలిష్ ఆయన అచ్చం నా గొంతుతో, "గుర్తులేదండీ" అన్నాడు. నవ్వులు నా వెనకే తలుపు దాకా వచ్చాయి.

పెద్దాయనకి అంతా చెప్పాను. రిసెప్షన్ అమ్మాయి కన్ను గీసింది నేనేనని కూడా చెప్పాను. ఆయన అరవలేదు. "మనిషి ఎదురుగా ఉంటే, మనం తప్పు గీస్తే ఆ మనిషి చెప్తాడు. లేకపోతే మన మనసులో ఉన్నదే గీస్తాం" అన్నారు. ఆయనా ఆ చోటు మానేస్తున్నారు. ఇంట్లోనే కిటికీ దగ్గర పని పెట్టుకుందాం, రమ్మన్నారు. ఇకనుంచి ఈ అడ్రసుకే రాయి. ఆ అమ్మాయిని వెతికి పట్టుకుని తన ఎదురుగానే ఆ కన్ను మీది గీతలు అరగదీస్తే మంచిదట. దారాలావిడ డబ్బాలోంచి దాన్ని నేను తెచ్చేశాను.

నీ సోమవారం ఉత్తరం నా చేతికే అందింది. శనివారం ఉత్తరం అంటున్నావు. అదేమిటి? నాకు రాలేదు.

అక్కా, అందులో ఏం రాశావు?

నీ చిట్టి

*

కాలేజీ క్వార్టర్స్
మధ్యాహ్నం, వర్షం ఇక్కడ కూడా

చిట్టీ,

ఇవాళ ఒక చిన్న పార్సెలు వచ్చింది. అట్టపెట్టె, లోపల దూది, దూదిలో కన్ను.

నాదే. ముదురు గోధుమరంగు, అంచుకి నల్లగీత, కాఫీ చుక్క. చూడగానే నీ మీద అనుమానం వచ్చింది, క్షమించు. ఇంత బాగా గీయాలంటే చిట్టే గీయాలి, భయపెట్టి గీయించుకున్నారు అనుకున్నాను. తర్వాత చుక్క ఎక్కడుందో చూశాను. మూడు గంటల దగ్గర ఉంది, ముక్కువైపు. నా మచ్చ చెవివైపు కదూ? నేను అద్దంలో చూసి రాశాను. అద్దంలో నాకు మూడు గంటలైతే, ఎదురుగా కూర్చున్న నీకు తొమ్మిది. నువ్వు గీసుంటే ఈ తప్పు జరగదు. దీన్ని వాళ్ళకి అందించింది నువ్వు కాదు. ఎవరూ నన్ను పిలవలేదు చిట్టీ, నా అంతట నేనే వెళ్ళాను.

పార్సెలు విప్పినప్పటి నుంచీ కుడికన్ను గరగరలాడుతోంది. నేను నలుపుకోవడం వల్లే అయ్యుంటుంది. అయ్యుండకపోవచ్చు. ఈ రెండింటి మధ్యా ఎప్పుడూ ఉండేదాన్నే.

అసలు భయం అది కాదు. పెట్టెలో ఒక చీటీ ఉంది, ముత్యాల్లాంటి దస్తూరీ. "మీ చెల్లెలు వెళ్ళిపోయింది. కానీ మీ కుర్చీ ఇక్కడే ఉంది. మీరు లేక బల్ల చప్పగా ఉంది. ఆ అమ్మాయి గురించి మీకు తెలిసినంత ఎవరికి తెలుసు? రాయండి."

చదువుతుండగానే నా బుర్రలో జవాబు మొదలైంది. మొదటి వాక్యం పూర్తిగా తయారైపోయింది. చాలా బాగుంది. వాళ్ళకి పొలమారేంత బాగుంది.

అది నీ గురించి.

ఆ వాక్యం ఏమిటో నీకు చెప్పను, ఎవరికీ చెప్పను. కానీ అప్పటికి కలం చేతిలోనే ఉంది, కాగితం ఎదురుగానే ఉంది, నేను కుర్చీలోనే ఉన్నాను. కదలబోతే కాళ్ళు రాలేదు. నలభై దాటిన మనిషిని, నాన్నా అని పైకే పిలిచాను. ఎవరిని పిలిచానో, ఎవరైనా ఉన్నారో లేరో నాకు తెలీదు. నువ్వు రాసింది గుర్తొచ్చింది. ముందు కలం కింద పెట్టాను. అప్పుడు బల్ల అంచు పట్టుకున్నాను.

ఈ ఉత్తరం పోస్టు చెయ్యను, నేనే తెస్తున్నాను. హెడ్డు గారి గుమ్మం దగ్గర ఆగి, నేనేం చేశానో ఆవిడ మొహం చూస్తూ చెప్పి, అటు నుంచి అటే బస్సెక్కుతాను. మీ కిటికీ దగ్గర ఒక స్టూలు వెయ్యి. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడు, చుక్క ఎక్కడుందో సరిగ్గా చూడు, చూసి ఈ కన్నుని నువ్వే అరగదియ్యి.

అది ఇక్కడే, నా బల్ల మీద దూదిలో ఉంది. నేను కూర్చున్న కుర్చీ వైపే చూస్తోంది. కుర్చీ ఖాళీగా ఉంది.

ఈ ఉత్తరమంతా నిలబడే రాశాను.

నీ అక్క